తిరుగు గాలికి దారి ఎక్కడ?

గుండుగొలను దగ్గర నాలుగు వరసల కొత్త రోడ్డు దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు వెళ్లిపోతుంది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లేవాళ్లకు మాత్రం పాత రోడ్డే గతి. భీమడోలు, పూళ్ల, కైకరం, ఉంగుటూరు. ఊరు దాటగానే వేగం, ఇంకో ఊరు రాగానే నెమ్మది. ముందు చేపల లోడు లారీ, దాని ముందు ధాన్యం ట్రాక్టరు, ఎదురుగా ఆర్టీసీ బస్సు. దాటేద్దామని యాక్సిలరేటర్ తొక్కడం, సందు దొరక్క కాలు తీసేయడం. టర్బో ఉన్న పెట్రోలు కారుకు ఇది గట్టి పరీక్షే. తొక్కినప్పుడు టర్బో తన పని తాను హాయిగా చేసుకుంటుంది. దాని ప్రాణం మీదికి వచ్చేది కాలు తీసేసిన క్షణంలోనే.

ఆ క్షణంలో గాలికి పక్కదారి తెరిచి ఆదుకునేది బ్లో-ఆఫ్ వాల్వ్. కుర్రకారు ఇప్పుడు దీన్ని ఎక్కువగా శబ్దం కోసం కొంటున్నారు. బిగించే చోటు మాత్రం బానెట్ కింద ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ ఖాయమైపోతోంది. నా దృష్టిలో ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఈ ఇంజను తను పీల్చే గాలిని ఎక్కడ లెక్కపెట్టుకుంటోంది? దానికి జవాబు దొరికితే సగం చోట్లు వాటంతట అవే తప్పుకుంటాయి. మిగిలిన వాటిలో ఏది మంచిదో వేడి, దుమ్ము, నీళ్లు, గొట్టాల పొడవు తేలుస్తాయి.

టర్బో కొత్త వస్తువు కాదు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే దీని మీద పేటెంటు తీసుకున్నాడు. కార్లలోకి రావడానికి మరో యాభై ఏడేళ్లు పట్టింది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వేర్ టర్బోతో అమ్మకానికి వచ్చాయి. మన రోడ్ల మీద మధ్యతరగతి పెట్రోలు కారుకు టర్బో చేరింది ఈమధ్యే. 2010లో ఫియట్ లీనియా టీ-జెట్, 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ. సూత్రం అన్నిటికీ ఒకటే. సైలెన్సరు వైపు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు రెండో కొసన ఉన్న కంప్రెసర్ చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి మధ్యలో ఇంటర్‌కూలర్ ఉంటుంది. ఆ తర్వాత థ్రాటిల్, దాని తర్వాత మానిఫోల్డ్, ఆపైన సిలిండర్లు.

ఇప్పుడు పూళ్ల ఊరి ముందు ఒక్క సెకనును విడదీసి చూద్దాం. ఒక లీటరు, మూడు సిలిండర్ల ఇంజను అనుకోండి. మూడో గేరు, 3,500 ఆర్‌పీఎం. టర్బో ఒక బార్ అదనపు పీడనం ఇస్తోంది, అంటే మానిఫోల్డ్‌లో గాలి పీడనం బయటికంటే రెట్టింపు. లెక్క వేస్తే ఈ ఇంజను సెకనుకు దాదాపు 60 గ్రాముల గాలి లాగుతున్నట్టు. కంప్రెసర్ చక్రం నిమిషానికి 1,80,000 చుట్లు తిరుగుతోందనుకుందాం, చిన్న టర్బోలకు ఇది మామూలు వేగమే. అంటే సెకనుకు 3,000 చుట్లు.

లారీ బ్రేకు లైట్లు వెలిగాయి. డ్రైవరు కాలు తీశాడు. సెకనులో పదో వంతు గడిచేసరికి థ్రాటిల్ పళ్లెం మూసుకుంది. ఇంజనులోకి దూరే గాలి సెకనుకు కొద్ది గ్రాములకు పడిపోయింది. కానీ అంత వేగంతో తిరుగుతున్న చక్రం అప్పటికప్పుడు ఆగదు, ఇంకా నొక్కి పంపుతూనే ఉంది. గాలి మూసిన తలుపుకు కొట్టుకుని, ఆ పీడనం ఒక అలగా వెనక్కి మళ్లుతుంది. గొట్టంలో గాలి సగటున 60 డిగ్రీల వేడిలో ఉందనుకుంటే ధ్వని వేగం సెకనుకు 366 మీటర్లు. థ్రాటిల్ నుంచి టర్బోకు రెండు మీటర్ల దారైతే, ఆ అల అయిదున్నర మిల్లీసెకన్లలో కంప్రెసర్‌ను చేరుతుంది. ఆ కాస్త సమయంలో చక్రం పదహారు చుట్లు తిరుగుతుంది.

కొల్లేరు లంకల్లో చేపల చెరువుకు నీళ్లు తోడే మోటారు నడుస్తుండగా డెలివరీ వాల్వ్‌ను ఒక్కసారిగా మూసేస్తే పైపు ధడేల్మని అదురుతుంది. ఇక్కడ జరిగేదీ ఆ జాతిదే, అయితే ఒక తేడా ఉంది. నీరు దాదాపు నలగదు, అందుకే దెబ్బ కొట్టి త్వరగానే సద్దుమణుగుతుంది. గాలి నలుగుతుంది, శక్తిని దాచుకుంటుంది, తిరిగి ఇచ్చేస్తుంది. ముందున్న పీడనాన్ని కంప్రెసర్ రెక్కలు నిలబెట్టలేకపోయిన క్షణంలో గాలి వెనక్కి తిరిగి చక్రం గుండానే బయటికి తన్నుకొస్తుంది. పీడనం తగ్గగానే రెక్కలు మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటాయి, మళ్లీ నొక్కుతాయి, మళ్లీ ఓడిపోతాయి. దీన్నే సర్జ్ అంటారు. బయటికి బుస్‌బుస్‌బుస్‌మని తడబడే శబ్దం వినిపిస్తుంది. ఆ శబ్దం విని బ్లో-ఆఫ్ వాల్వ్ బ్రహ్మాండంగా పనిచేస్తోందని మురిసిపోయేవాళ్లున్నారు. నిజానికి అది వాల్వ్ లేదనో, తెరుచుకోవడం లేదనో చెప్పే శబ్దం. ఆ ప్రతి బుసకూ ఇరుసు ముందుకూ వెనక్కూ తోపు తింటుంది, ఆ తోపును మోసే థ్రస్ట్ బేరింగ్ అరుగుతుంది.

సర్జ్ ఎంత లోతుగా ఉంటుందో ఎడ్వర్డ్ గ్రైట్జర్ అనే అమెరికన్ ఇంజనీరు 1976లో ఒక సమీకరణంతో చూపించాడు. చక్రం వేగం ఎంత ఎక్కువైతే, కంప్రెసర్ తర్వాత గాలి నిలవుండే చోటు ఎంత పెద్దదైతే, సర్జ్ అంత ఉద్ధృతం. ఆయన రాసింది జెట్ ఇంజన్లలో వాడే తరహా కంప్రెసర్ల గురించి, కానీ కార్ల టర్బో కంప్రెసర్లకూ ఆ మాట వర్తిస్తుందని తర్వాత తేలింది. ఇది మన విషయానికి చాలా ముఖ్యం. కంపెనీ ఇచ్చిన చిన్న ఇంటర్‌కూలర్ తీసేసి బంపరు వెనక పెద్దది పెట్టించుకున్నవాళ్లు, దానితోపాటు కంప్రెసర్ తర్వాతి గాలి నిలవనూ పెంచుకున్నారు. పాత వాల్వ్ పాత నిలవకు కొలిచి పెట్టింది. అంచేత కొత్త ఇంటర్‌కూలర్‌తోపాటే వాల్వ్ సంగతీ ఆలోచించుకోవాలి.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక అపోహ తీర్చాలి. కైకలూరు, ఆకివీడు నుంచి ఐసు వేసిన చేపల ట్రేలతో బెంగాల్ వైపు, అస్సాం వైపు వెళ్లే లారీలు ఆగినప్పుడు ఉస్సుమంటాయి కదా, అది టర్బో గాలి అనుకుంటారు. కాదు. అది బ్రేకుల గాలి. బ్రేకు ట్యాంకు నిండగానే గాలిలోని తేమను ఆరబెట్టే డ్రయ్యరు ఆ తడిని బయటికి ఊదే చప్పుడు. పార్కింగ్ బ్రేకు వేసినప్పుడూ అలాంటిదే వస్తుంది. ఆ లారీ డీజిల్ ఇంజనుకు టర్బో ఉంది, బ్లో-ఆఫ్ వాల్వ్ లేదు. అవసరం లేదు కాబట్టి లేదు. డీజిల్ ఇంజనులో వేగాన్ని అదుపు చేసేది డీజిల్ మోతాదు. డ్రైవరు కాలు తీస్తే డీజిల్ తగ్గుతుంది, గాలి దారి మాత్రం తెరిచే ఉంటుంది. కొత్త డీజిళ్లలో పొగ నియంత్రణ కోసం ఒక పళ్లెం పెట్టినా, డ్రైవరు కాలుతోపాటు అది టపీమని మూసుకోదు. కాబట్టి డీజిల్ కారుకు ఈ వాల్వ్ బిగిస్తామని ఎవరైనా అంటే, వాళ్లు అమ్మేది చప్పుడే.

వాల్వ్ నిర్మాణం తేలికైనదే. ఒక పిస్టనో, రబ్బరు డయాఫ్రమో ఉంటుంది, దాని నెత్తిన స్ప్రింగు. నెత్తి భాగానికి మానిఫోల్డ్ నుంచి, అంటే థ్రాటిల్ తర్వాతి చోటు నుంచి, ఒక సన్నటి గొట్టం వస్తుంది. కాలు తొక్కి ఉన్నంతసేపూ పైనా కిందా ఒకే పీడనం, స్ప్రింగు మూసి ఉంచుతుంది. కాలు తీయగానే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పుట్టి వాల్వ్‌ను పైకి లాగుతుంది, కింద పీడనం నెడుతుంది. తలుపు తెరుచుకుంటుంది. నేటి కార్లలో చాలావాటికి ఈ గొట్టం కూడా లేదు. టర్బో కంప్రెసర్ గుల్లకే ఒక విద్యుత్ వాల్వ్ అతికి ఉంటుంది, ఇంజను కంప్యూటర్ చెప్పగానే తెరుచుకుని గాలిని కంప్రెసర్ నోటికే తిరిగి పంపుతుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల రెండు లీటర్ల టీఎస్ఐ ఇంజన్లలో ఉన్నది ఇదే. దారి అతి పొట్టి, లీకయ్యే గొట్టాలు లేవు, శబ్దం లేదు. ఇంజనులో మార్పులేవీ చేయనివాళ్లు దీన్ని కదపకపోవడమే మంచిదని గట్టిగా చెబుతాను.

మార్పులు చేసినవాళ్లకు రెండు చోట్లు మిగులుతాయి. టర్బోకు ఇంటర్‌కూలర్‌కు మధ్య వేడి పైపు ఒకటి, ఇంటర్‌కూలర్‌కు థ్రాటిల్‌కు మధ్య చల్లటి పైపు రెండోది.

వేడి పైపు ఎంత వేడో ముందు చూడండి. మే నెలలో తాడేపల్లిగూడెంలో బయట 40 డిగ్రీలు ఉందనుకుందాం. ఆ గాలిని రెట్టింపు పీడనానికి నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, బయటికి వచ్చే గాలి వేడి దాదాపు 138 డిగ్రీలు. రబ్బరు డయాఫ్రమ్, ఓ-రింగులు ఆ వేడిలో ఏళ్ల తరబడి ఉండాలి. పైగా వాల్వ్ తెరుచుకున్నప్పుడు ఇంటర్‌కూలర్‌లోనూ దాని అవతలి పైపులోనూ ఉన్న గాలి వెనక్కి తిరిగి, ఇంటర్‌కూలర్ సన్నటి సందులన్నీ దాటి, ఈ వాల్వ్ దాకా రావాలి. వేడి పైపును సమర్థించేవాళ్లు చెప్పే కారణం ఒకటుంది, వాల్వ్ కంప్రెసర్‌కు దగ్గరగా ఉంటుందని. ఆ మాట నిజమే. గాలిని టర్బో ముందుకు తిప్పి పంపే తిరుగు గొట్టం కూడా పొట్టిగా వస్తుంది.

చల్లటి పైపు మీద, థ్రాటిల్‌కు దగ్గరగా పెడితే గాలి దిశ మారక్కర్లేదు. కంప్రెసర్ నుంచి ఇంటర్‌కూలర్ గుండా వస్తున్న గాలి అదే దిశలో వచ్చి, మూసిన తలుపు పక్కనే తెరుచుకున్న ఇంకో దారిలో బయటపడుతుంది. ప్రవాహం ఆగలేదు కాబట్టి చక్రం వేగం కూడా బాగానే నిలబడుతుంది. లారీని దాటడానికి మళ్లీ తొక్కినప్పుడు పీడనం త్వరగా అందుకుంటుంది. పీడనపు దెబ్బ మొదట పుట్టేదీ ఇక్కడే. అలాగని ఆ అయిదు మిల్లీసెకన్ల ముందంజను చూసి మురవక్కర్లేదు. వాల్వ్ స్ప్రింగు కదిలి పూర్తిగా తెరుచుకోవడానికే అంతకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. చల్లటి పైపును నేను మెచ్చుకునేది ప్రవాహ దిశ కోసం, తక్కువ వేడి కోసం. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్‌లో ఇంజను మీద పడుకున్న ఇంటర్‌కూలర్‌కే ఈ వాల్వ్‌ను అతికించి, అక్కడి నుంచి గాలిని టర్బో ముందు పైపుకు తిప్పి పంపారు.

ఆ తిప్పి పంపడంలోనే అసలు కీలకం ఉంది. పెట్రోలు ఇంజను కంప్యూటర్ వచ్చే గాలికి తగినంత పెట్రోలు పోయాలి, ఒక గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి చొప్పున. గాలి ఎంతో తెలుసుకోవడానికి రెండు పద్ధతులు. కొన్ని కార్లలో ఎయిర్ ఫిల్టర్ దాటగానే మాఫ్ సెన్సార్ ఉంటుంది. దాని వేడి తీగను దాటిన ప్రతి గ్రాము గాలీ లెక్కలోకి ఎక్కుతుంది. మరికొన్నిటిలో మానిఫోల్డ్‌లోనే మ్యాప్ సెన్సార్ ఉండి, అక్కడి పీడనం, వేడి చూసి సిలిండర్‌లోకి ఎంత వెళ్తుందో లెక్కగడుతుంది.

మాఫ్ ఉన్న కారులో బ్లో-ఆఫ్ వాల్వ్ గాలిని బయటికి వదిలేస్తే ఏమవుతుంది? లెక్కలో ఎక్కిన గాలి ఇంజనుకు చేరలేదు, దానికి కేటాయించిన పెట్రోలు మాత్రం పడింది. కాలు పూర్తిగా తీస్తే చాలా కార్లలో కంప్యూటర్ పెట్రోలును కాసేపు కట్టేస్తుంది కాబట్టి అప్పుడు పెద్దగా తెలియదు. గేరు మార్చేటప్పుడు, సగం కాలు తీసినప్పుడు, క్లచ్ తొక్కి ఐడ్లింగ్‌కు దిగేటప్పుడు బయటపడుతుంది. బండి తడబడుతుంది, ఆగిపోతుంది, సైలెన్సరులో టపటపలు వినిపిస్తాయి. కాలని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ కాలి దాన్ని పాడుచేస్తుంది. అలాంటి కారులో వాల్వ్ వేడి పైపు మీదున్నా చల్లటి పైపు మీదున్నా, దాని గాలి మాఫ్‌కు కంప్రెసర్‌కు మధ్యలోకే తిరిగి రావాలి. ఆ కలిసే చోటు కూడా మాఫ్‌కు ఎడంగా ఉండాలి, గొట్టం నోరు టర్బో వైపు వాలి ఉండాలి. లేకపోతే ఎగదన్నిన గాలి వేడి తీగకే కొట్టుకుని లెక్క ఇంకో రకంగా తప్పుతుంది. మాఫ్ సెన్సార్‌నే చల్లటి పైపులో అమర్చిన ఇంజను అయితే వాల్వ్ దానికి ముందే ఉండాలి, లెక్కపెట్టకముందే గాలి తప్పుకోవాలి. మ్యాప్ మీద నడిచే ఇంజనుకు ఈ బాధ లేదు, బయటికి వదిలినా లెక్క చెడదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే పైపులో తీగ ప్లగ్గు ఉన్న సెన్సార్ కనిపిస్తే అది మాఫ్ కావచ్చు. ఒట్టి ఉష్ణోగ్రత సెన్సార్ కూడా అక్కడే ఉండే అవకాశం ఉంది కాబట్టి సర్వీసు మాన్యువల్ చూసి ఖాయం చేసుకోవాలి.

లెక్క చెడకపోయినంత మాత్రాన కొల్లేరు ప్రాంతంలో బయటికి వదలమని నేను చెప్పను. కారణం ఐడ్లింగ్‌లో ఉంది. బండి నిలబడి ఇంజను తిరుగుతున్నప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ గట్టిగా ఉంటుంది. స్ప్రింగు మెత్తగా ఉంటే వాల్వ్ ఆ లాగుడికే కొంచెం తెరుచుకుంటుంది. అప్పుడు చల్లటి పైపులో పీడనం బయటి గాలికంటే ఒక పిసరు తక్కువ. అంటే బయటికి ఊదాల్సిన నోరు లోపలికి పీలుస్తుంది, అదీ ఫిల్టర్ లేకుండా. ఎండాకాలం చేపల చెరువుల గట్ల మీద కారు వెళ్తే లేచే మట్టి ఎంత మెత్తనిదో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ధూళి ఫిల్టర్‌నూ టర్బోనూ తప్పించుకుని నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది.

వానాకాలం ఇంకో ప్రమాదం. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేరులో పడతాయి, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సరస్సులోకి దిగినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్లెక్కాయి. పెద్ద ఇంటర్‌కూలర్ పెట్టించుకున్న కార్లలో ఖాళీ ఎక్కువగా దొరికేది బంపరు కింది మూలలో, పైపు వంపు దగ్గర. వాల్వ్‌ను అక్కడ బిగిస్తే అది నీళ్లలో మునిగే మొదటి భాగం అవుతుంది. ఐడ్లింగ్‌లో కాస్త తెరుచుకున్న వాల్వ్ నీళ్లు పీల్చి ఇంజనుకు పంపితే, సిలిండర్‌లో నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజను మొత్తం విప్పాల్సిందే. కాబట్టి ఈ ప్రాంతంలో వాల్వ్ ఉండాల్సింది చల్లటి పైపు పై భాగంలో, థ్రాటిల్ ఎత్తుకు దగ్గరగా. గాలి తిరిగి ఫిల్టర్ తర్వాతి పైపులోకే వెళ్లాలి. అప్పుడు వాల్వ్ పీల్చినా పీల్చేది వడగట్టిన గాలినే.

శబ్దం పోతుందని బాధపడేవాళ్లకు రెండు మాటలు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్ని గట్టిగానే చదివి చెప్పింది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు. ఇంకో మాట చట్టం గురించి కాదు. కొల్లేరు పక్కన ఆటపాక దగ్గర గూడబాతులు గుడ్లు పెట్టి పిల్లల్ని సాకుకునే కాలంలో గట్టు మీద కారు వెళ్లడమే వాటికి ఎక్కువ. గేరు మార్చినప్పుడల్లా అక్కడ చెవులు అదిరేలా గాలి వదలడం తప్పు.

బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి ఉన్నాయి. పైపును కారులో ఉంచి రంధ్రం చేయకూడదు, విప్పి లేత్ షాపుకు తీసుకెళ్లాలి. అల్యూమినియం పైపైతే ఆర్గాన్ వెల్డింగ్ చేయించాలి. వేడి పైపులో మిగిలిపోయిన లోహపు రజను ఇంటర్‌కూలర్‌లో చిక్కుకోవచ్చేమో గానీ, చల్లటి పైపులో మిగిలింది తిన్నగా సిలిండర్‌కే పోతుంది. అంచేత లోపలి అంచు అరగదీశాక పైపును కడిగి ఆరబెట్టి, వేలు పెట్టి తడిమి చూశాకే తిరిగి ఎక్కించాలి. వాల్వ్‌ను మోసే మెడ వీలైనంత పొట్టిగా ఉండాలి. మానిఫోల్డ్ నుంచి వచ్చే సన్న గొట్టం కూడా పొట్టిగా, దానికదే విడిగా ఉండాలి. బ్రేకు బూస్టర్‌కు వెళ్లే గొట్టానికి మాత్రం ఎవరు చెప్పినా టీ వేయొద్దు. ఆ కీలు ఊడితే బ్రేకుకు బూస్టర్ ఇచ్చే సాయమే పోతుంది.

అన్నీ అయ్యాక మొదటి పరీక్ష షెడ్డులోనే. పైపుల్లోకి అర బార్ గాలి ఎక్కించి కొత్త అతుకులన్నిటికీ సబ్బునీళ్లు పూయండి, బుడగ లేచిన చోట క్లిప్పు మళ్లీ బిగించండి. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, తిరుగు గొట్టాన్ని వాల్వ్ దగ్గర విప్పి, పలుచని కాగితం ముక్కను ఆ నోటి ముందు వేళ్లతో గట్టిగా పట్టుకోండి. మాఫ్ ఉన్న బండైతే గొట్టం విప్పిన ఆ కాసేపు ఐడ్లింగ్ కొంచెం అటూ ఇటూ అవుతుంది, కంగారు పడొద్దు. కాగితం కదలకుండా ఉంటే స్ప్రింగు సరిపోయినట్టే. లోపలికి అంటుకుంటే ఒక మెట్టు గట్టి స్ప్రింగు వేయాలి. ఆ తర్వాత గొట్టాన్ని తిరిగి బిగించి, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో తొక్కి వదిలి వినండి, బుస్‌బుస్‌మనే తడబాటు వస్తే స్ప్రింగు మరీ గట్టిదైందన్నమాట. రెండు పరీక్షలకూ నిలిచే స్ప్రింగు దొరికేదాకా మార్చి చూడాల్సిందే. ఏ స్ప్రింగుకూ రెండూ కుదరకపోతే మానిఫోల్డ్ నుంచి వచ్చే సన్న గొట్టాన్ని చూడండి, అది ఎక్కడో నులిపడి ఉండొచ్చు, లేదా మరీ పొడుగై ఉండొచ్చు.